వేషపు నగలకు రంగురాళ్ళు

గోదావరి తీరభూములలో ద్రాక్షారామం పేరు వినని వారు అరుదు. పంచారామాలలో అది ఒకటి. తూర్పు చాళుక్యుల నాటి ఆ ఆలయంలో, కింది అంతస్తు నుండి మీది అంతస్తు వరకు నిలిచిన భీమేశ్వర లింగాన్ని స్ఫటికలింగమని భక్తులు కొలుస్తారు. అమ్మవారి పేరు మాణిక్యాంబ. స్వామి స్ఫటికం, అమ్మ మాణిక్యం. శ్రీనాథ మహాకవి రచించిన భీమేశ్వర పురాణానికి ఈ క్షేత్రమే వస్తువు. రత్నాల పేర్లు నోట నానే అటువంటి ఊరిలో, రత్నాలు కాని రత్నాలను గురించి, అనగా నాటకపు వేషాలకు, బొమ్మల అలంకారాలకు ఇంటిలోనే పోసికొనే రంగురాళ్ళను గురించి మేము కొంత నేర్చుకొన్నాము. ఆ సంగతులను శ్రోతలకు నేడు మనవి చేయదలచినాము.

ఈ ప్రసంగానికి కారణం ఒక కిరీటం. ద్రాక్షారామం పరిసరాలలో ఒకప్పుడు పద్యనాటకాలలో కృష్ణ వేషానికి పేరు పొందిన వృద్ధనటులు ఒకరు మాకు చాలకాలంగా పరిచితులు. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు ఈ ప్రాంతంలో ఎంతటి ప్రాచుర్యం పొందినవో పెద్దలకు చెప్పనక్కరలేదు. ఆ వేషాలలో వారి తలపై ఉండిన కిరీటం ఇప్పటికీ వారి ఇంటి చెక్కపెట్టెలో భద్రంగా ఉన్నది. తేలికకర్రపై గుడ్డ అంటించి, పూత పూసి, రంగురాళ్ళు పొదిగిన కిరీటమది. శివరాత్రినాడు వారి మనుమడు మొదటిసారి కృష్ణవేషం ధరించవలసి వచ్చినది. పెట్టె తెరచి చూస్తే ఎర్రరాళ్ళలో పదునేడు ఊడిపోయి ఉన్నవి.

పట్నంలో కొత్త కిరీటాలు అద్దెకు దొరుకుతవి గదా అన్నాము. ఆయన నవ్వి, "దొరుకుతయ్యండి బాబుగారూ. ఆ కిరీటం నిన్న ఎవరి నెత్తిన ఉందో, రేపెవరి నెత్తికెక్కుతుందో దానికే తెలియదండి. ఇది మాత్రం మా నాన్నగారు నా నెత్తిన పెట్టిందండి" అన్నారు. ఆ మాటకు ఇక బదులు లేదు. అంగడిలో దొరికే రాళ్ళు పరిమాణంలో సరిపోలేదు. సరిపోయినవాటి రంగు కలియలేదు. పోయిన రాళ్ళను మేమే పోసి యిస్తామని మాట యిచ్చి వచ్చినాము. మాట యిచ్చినంత సులభంగా పని జరుగలేదు.

కృత్రిమ రత్నం నేటి వింత కాదు. పదునెనిమిదవ శతాబ్దంలో పారిస్ నగరంలో స్ట్రాస్ అనే కంసాలి సీసం కలిసిన గాజును సానపట్టి, వెనుక లోహపు రేకు పెట్టి, వజ్రాల వలె మెరిపించినాడు. కొన్ని యూరపు భాషలలో కృత్రిమ వజ్రానికి నేటికీ అతని పేరే వాడుక. మన కంసాలులకు కూడా ఈ రహస్యం తెలియనిది కాదు. రాతి కింద బేగడ రేకు వేసి, లక్కతో బిగించి, కాంతి తక్కువైన రాతికి కాంతి తెచ్చే పద్ధతి మనకు పాతదే. లక్క కూడా ఒక జిగురు పదార్థమే. ఒక జాతి పురుగు చెట్టు కొమ్మలపై స్రవించేది. ఏటికొప్పాక బొమ్మలు చూచినవారికి లక్క ఎంత చక్కగా రంగు పట్టగలదో తెలుసును. అంకుడుకర్ర బొమ్మ తరిణె మీద తిరుగుతూ ఉండగా రంగు కలిపిన లక్కకడ్డీని దానికి ఒరిపిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి బొమ్మకు అంటుకొంటుంది.

లక్క చేసిన పనిని నేడు రసాయనశాలలో పుట్టిన జిగురులు చేస్తున్నవి. 1907లో బేక్‌లాండ్ కనిపెట్టిన బేకలైటు వాటిలో పెద్దన్న. మీ ఇండ్లలో తాతలనాటి గోధుమరంగు రేడియో పెట్టె ఉంటే, అది చాల వరకు బేకలైటుదే అయి ఉంటుంది. ఇప్పుడు మనం చెప్పుకొంటున్నది ఎపాక్సీ రెజిను. 1946లో స్విట్జర్లాండులో అరాల్డైటు పేరిట ఇది జిగురుగా బజారుకు వచ్చినది. రెండు సీసాలు ఉంటవి. ఒకదానిలో రెజిను, రెండవదానిలో దానిని గట్టిపరచే ద్రవం, అనగా హార్డెనర్. రెండూ కలిసిన తరువాత కొన్ని గంటలకు గాజువంటి ఘనపదార్థం ఏర్పడుతుంది.

గాజు ఉండగా ఇది ఎందుకు అని అడుగవచ్చును. రెండు కారణాలు ఉన్నవి. గాజు బరువు సమాన పరిమాణపు నీటికి సుమారు రెండున్నర రెట్లు. రెజిను బరువు నీటికంటె కొద్దిగా మాత్రమే ఎక్కువ. నూరు రాళ్ళ కిరీటాన్ని రాత్రి తెల్లవార్లు మోసే పిల్లవాని మెడకు ఈ భేదం తెలుస్తుంది. రెండవది ఇంకను ముఖ్యం. మన నటులు, నర్తకులు వట్టికాళ్ళతో రంగం మీద తిరుగుతారు. గాజురాయి ఊడిపడి పగిలితే పాదంలో గుచ్చుకొంటుంది. రెజిను రాయి పడితే పడి ఉంటుంది, పెంకులు లేవవు.

ముందుగా అచ్చు కావలెను. మిగిలిన ఎర్రరాళ్ళలో అంచు చెడనిదానిని జాగ్రత్తగా ఊడదీసి, రెండు ముద్దలు కలిపి పిసికే సిలికోను పిండిలో దానిని అదిమి అచ్చు తీసినాము. అచ్చులో ఎంత నునుపు ఉంటే రాతికి అంత మెరుపు. అచ్చుమీద వేలిముద్ర పడినా రాతిపై కనబడుతుంది. కావున అచ్చు తీసే ముందు మూలపు రాతిని మెత్తని గుడ్డతో తుడువవలెను.

మొదటి పోత కార్తికమాసపు ముసురులో పోసినాము. తెల్లవారి చూస్తే రాళ్ళపై పాలమీగడ వంటి తెర. లోపల కూడ మసక. కారణం రెండు విధాలు. డెల్టా గాలిలో తేమ ఎక్కువ. హార్డెనరులోని అమీను పదార్థాలు గాలిలోని తేమను, బొగ్గుపులుసు వాయువును గ్రహించి పైన జిడ్డు తెర కడతవి. అది సబ్బు కలిపిన గోరువెచ్చని నీటితో కడిగితే పోతుంది. కాని లోపలి మసకకు మేమే బాధ్యులము. రంగుకోసం ఇంటిలో మిఠాయిలకు వాడే ఎర్రరంగును నీటిలో కలిపి రెజినులో వేసినాము. నీరు, రెజిను ఒకదానిలో ఒకటి కలియవు. ఆ నీటిబొట్లు లోపల చిక్కుకొని వెలుగును చెదరగొట్టినవి. నీటిరంగులు ఏవీ ఈ పనికి పనికిరావని అప్పుడు గ్రహించినాము. పసుపు పొడి వంటివి రంగు యిచ్చినా ఎండ తగిలితే వెలిసిపోతవి. కుంకుమ కరుగక నలుసులుగా నిలుస్తుంది.

ఇక్కడ ఒక భేదం గమనించవలెను. రంగులలో కరిగే రంగులు వేరు, కరుగని పొడులు వేరు. కరిగే రంగు వెలుగును లోనికి పోనిచ్చి, తనకు నచ్చిన వన్నెను మాత్రమే బయటికి పంపుతుంది. కెంపు, పచ్చ, నీలం వంటి పారదర్శకపు రాళ్ళకు అది కావలెను. స్పిరిటులో కరిగించిన రంగుసిరా, రెజినుకోసమే తయారుచేసిన పారదర్శకపు రంగు ఈ కోవలోనివి. పొడిరంగు వెలుగును అడ్డుకొంటుంది. పగడానికి, మణిశిలకు అది తగును. ముత్యపు నిగ్గు కావలసిన చోట అభ్రకపు పొడి చిటికెడు వేస్తారు. మన నెల్లూరు సీమ గూడూరు గనులు ప్రసిద్ధికెక్కిన అభ్రకం ఇదే. పెద్దలు కాకిబేగడ అన్నదీ దీనినే.

రెండవ పోత మార్గశిరంలో, పొడివాతావరణం చూచి, స్పిరిటు సిరాతో పోసినాము. ముప్పై గ్రాముల మిశ్రమానికి తొమ్మిది బొట్లు ఎరుపు వేసినాము. రాళ్ళు గట్టిపడిన తరువాత కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తే కన్నుల పండువుగా ఉన్నవి. ఉత్సాహంతో వెనుక బేగడ అంటించి, ద్రాక్షారామానికి తీసికొనిపోయి కిరీటంపై ఉంచినాము. వృద్ధనటులు దూరంగా నిలిచి చూచి, "బాబుగారూ, ఇవి కెంపులు కావండి, నేరేడుపళ్ళండి" అన్నారు. నిజమే. కిటికీ దగ్గర కెంపులైనవి కిరీటంపై నల్లబడినవి.

ఈ నేరేడుపళ్ళే మాకు ఈ విద్యలోని అసలు పాఠం చెప్పినవి. రంగు కలిసిన రాతి గుండా వెలుగు పోతున్నప్పుడు, ప్రతి పొరలోను అదే భాగం తగ్గుతుంది. రెండు మిల్లీమీటర్ల మందంలో సగం వెలుగు నిలిచిందనుకొందాము. నాలుగు మిల్లీమీటర్ల మందంలో నిలిచేది నాలుగవ వంతు. కిటికీకి ఎత్తి చూచినప్పుడు మన కంటికి వచ్చేది ఆ నాలుగవ వంతు. కాని బేగడ వేసిన రాతిలో వెలుగు ముందునుండి లోనికి పోయి, బేగడకు తగిలి, మరల అదే దారిన వెనుకకు రావలెను. నాలుగు మిల్లీమీటర్ల రాయి ఎనిమిది మిల్లీమీటర్ల రాయి అవుతుంది. మిగిలేది పదునారవ వంతు. అందుచేత బేగడ రాతికి, కిటికీలో నచ్చిన రంగులో సగం చాలును. ఎర్రదనం ఎక్కువైతే కెంపు గొప్పదవుతుందని మేము అనుకొన్నాము. కెంపుకు కావలసినది రంగుకంటె వెలుగు.

మూడవ పోతకు ముందు ఒక చిన్న పరీక్ష చేసినాము. ఇంటిలో ఎవరైనా చేయదగినది కాబట్టి వివరిస్తాము. రెండు, మూడు, నాలుగు, ఆరు బొట్ల రంగుతో వేరువేరుగా నాలుగు రాళ్ళు పోసినాము. మందం మాత్రం అసలు రాతి మందమే. నాలుగింటికి బేగడ అంటించి, కిరీటంపై పాతరాతి పక్కన వరుసగా పెట్టి, పది అడుగుల దూరంనుండి చూచినాము. నాలుగు బొట్లది పాతదానికి దగ్గరగా వచ్చినది. కాని పాతరాయి కొంచెం గులాబివన్నె తిరిగి ఉన్నది. చీపురుపుల్ల కొసకు అంటినంత గులాబిరంగు చేర్చగా ఆ లోపం తీరినది. పచ్చరాతికి ఆకుపచ్చ ఒకటే వేస్తే సీసాపెంకు వలె ఉంటుంది. ఒక పిసరు పసుపు, అంతకంటె తక్కువ నీలం కలిపితే జీవం వస్తుంది. నీలమణికి నీలంలో ఊదా ఛాయ కావలెను.

కొలతలో నిర్లక్ష్యం పనికిరాదు. సీసాపై రెండుకు ఒకటి అని ఉంటే రెండుకు ఒకటే. బరువులోనా, పరిమాణంలోనా అన్నది కూడా చూచుకోవలెను. పదునేడు రాళ్ళకు కావలసిన పదార్థం పది గ్రాములైనా ఉండదు. అయినా మేము ముప్పై గ్రాములకు తక్కువ కలుపలేదు. చిన్న తూకంలో చిన్న పొరపాటు పెద్ద దోషమవుతుంది. రాయి ఎన్నటికీ పూర్తిగా గట్టిపడక జిగటగా నిలుస్తుంది. మిగిలినది వేరే అచ్చులలో పోసి విడిరాళ్ళుగా దాచుకోవచ్చును. రంగును ముందుగా రెజినులో కలిపి, నచ్చిన ఛాయ వచ్చిన పిమ్మట హార్డెనర్ చేర్చితే తొందరపాటు ఉండదు. స్పిరిటు సిరా ఎక్కువైతే రాయి మెత్తబడుతుంది. హార్డెనర్ వేసిన తరువాత మూడు నిమిషాలు, గిన్నె అంచులను గీకుతూ, మెల్లగా కలుపవలెను. జోరుగా గిలక్కొడితే బుడగలు చేరుతవి. అచ్చులో సన్నని ధారగా పోసి, బుడగ కనబడితే సూదితో పైకి తేవలెను. దుమ్ము పడకుండ మూతపెట్టి ఒక దినం కదలించరాదు. రాళ్ళను మరి నాలుగైదు దినాలు ఆరనిచ్చి, ఆ పిమ్మటనే వేషానికి అతుకవలెను. కలిపిన పదార్థాన్ని ఎక్కువ మోతాదులో గిన్నెలోనే వదలితే అది తనకు తానే వేడెక్కి పొగలు కూడ గ్రక్కవచ్చును. పసిపిల్లలున్న ఇంటిలో ఈ మాట మరువరాదు.

ఇక గృహిణులు ముఖ్యంగా వినవలసిన సంగతి ఒకటి ఉన్నది. గట్టిపడిన రాయి సాధువే. గట్టిపడని ద్రవం సాధువు కాదు. రెజిను, హార్డెనర్ చర్మానికి పలుమార్లు తగిలితే కొందరికి దురద, దద్దుర్లు పుడతవి. ఒకసారి శరీరం దానిని పగగా పట్టుకొన్నదంటే ఆ పగ సాధారణంగా జీవితాంతం పోదు. తరువాత చుక్క తగిలినా బాధే. మా ఇంటిలోనే ఒకరు, రెండవ పోతనాడు చేతితొడుగులు లేకుండ అచ్చులు తుడిచి, పది దినాలు చేతులు చూచుకొని బాధపడినారు. నేటికీ ఆ సీసాల దాపునకు రారు. ఆ తప్పు మాది. ముందే చెప్పి ఉండవలసినది. కావున నైట్రైల్ చేతితొడుగులు వేసికొని, గాలి ఆడే వసారాలో, అన్నం తినే పాత్రలు దగ్గర లేకుండ పని చేయవలెను. రాళ్ళను అరగదీసేటప్పుడు ఆ పొడి పీల్చకుండ తడిపి అరగదీయవలెను. జిగటగా ఉన్న రాతిని నగలో పొదిగి పిల్లల ఒంటికి తగిలించరాదు. ఆరిన రాయికైనా వెనుక గుడ్డ అస్తరు ఉండుట మేలు.

పని ముగియకముందే రంగస్థలపు దీపాలకింద రాళ్ళను చూచుకొనుట మంచిది. ఒకనాటి పెట్రోమాక్సు వెలుగులో ఎరుపు, పసుపు బాగా వెలిగేవి, నీలం మందగించేది. నేటి ఎల్‌ఇడి దీపాలలో ఏ రంగు వెలుగు వేస్తారో నాటకం ఆడించేవారి యిష్టం. ఆకుపచ్చ వెలుగులో ఎర్రరాయి నల్లగా కనబడుతుంది, ఎంత మంచి రాయి అయినా. దానికి రాతిని నిందించి ప్రయోజనం లేదు. మేము శివరాత్రికి రెండుదినాల ముందు దీపాలవారిని బతిమాలి, కృష్ణుడు ప్రవేశించేటప్పుడు తెల్లవెలుగు ఉండేటట్లు ఏర్పాటు చేయించినాము.

ఎపాక్సీకి ఇంకొక బలహీనత కలదు. ఎండ తగిలితే క్రమంగా పసుపు తిరుగుతుంది. కెంపులో అది కనబడదు, నీలం ఆకుపచ్చవైపు జరుగుతుంది, తెల్లరాయి ముసలిదవుతుంది. తెల్లరాళ్ళు కావలసినచోట గాజే నయం. ఎండలో నిలిపిన బండిలో నగలపెట్టె వదలితే రాళ్ళు మెత్తబడి అంచులు వంగవచ్చును. నల్లగుడ్డలో చుట్టి చల్లని చోట దాచవలెను.

మూడవ పోత రాళ్ళు పదునేడూ కిరీటంపై కూర్చున్న తరువాత వృద్ధనటులను పిలిచి, కొత్తవి ఏవో చెప్పుడన్నాము. ఆయన చాలసేపు చూచి, చెప్పలేకపోయినారు. తరువాత కన్నులు మూసికొని చూపుడువేలితో ఒక్కొక్క రాతిని తాకుతూ వచ్చి, "ఇది మీదండి, ఇది మీదండి" అంటూ పదునేడింటిని తప్పు లేకుండ ఎంచినారు. ఎట్లు తెలిసినదని అడిగితే, "పాతవి చల్లగా ఉన్నయ్యండి, మీవి లేవండి" అన్నారు. శాస్త్రం కూడ అదే చెబుతుంది. గాజు వేలి వేడిని త్వరగా లాగికొంటుంది, రెజిను లాగికొనదు. రాయి కొనేచోట ఇది చిన్న పరీక్షగా ఎవరికైనా పనికివస్తుంది. మనం పోసిన రాయి వేషానికి అలంకారం. దానిని రత్నమని చెప్పి ఎవరికీ అంటగట్టరాదని వేరే చెప్పనక్కరలేదు.

శివరాత్రినాడు మేము జనం మధ్య, చాపమీద కూర్చున్నాము. తెర తొలగినది. పిల్లవాడు పద్యం ఎత్తుకొని తల తిప్పినప్పుడు కిరీటం ఎర్రగా తళుక్కుమన్నది. పక్కన కూర్చున్న తాతగారు మనుమని ముఖమే చూస్తున్నారు. రాళ్ళ సంగతి ఆయనకు జ్ఞాపకం ఉన్నట్లు లేదు. మాకు అదే తృప్తి.

మరునాడు కిరీటాన్ని పెట్టెలో పెట్టే ముందు ఒక చిన్న కాగితంపై మా లెక్క వ్రాసి లోపల ఉంచినాము: రెజిను ఇరవై గ్రాములు, హార్డెనర్ పది గ్రాములు, ఎరుపు నాలుగు బొట్లు, గులాబి పుల్లకొస, వెనుక బేగడ. మిగిలిన విడిరాళ్ళు ఆరింటిని గుడ్డలో మూటకట్టి దానిపక్కన పెట్టినాము. ఆ పిల్లవాని మనుమని కాలానికి మరి కొన్ని రాళ్ళు ఊడక మానవు గదా. మీరును రాళ్ళు పోస్తే, నాలుగు విడిరాళ్ళు, ఒక చీటీ తప్పక దాచండి.